జాబితాలో మొదటి ఊరు

జిల్లాలు విడిపోయి తిరుపతి వేరే జిల్లా అయిన ఏడాది వేసవిలో నన్ను చిత్తూరు నుంచి తిరుపతికి బదిలీ చేశారు. హోదా పోలీసు కమ్యూనికేషన్స్ విభాగంలో ఇన్‌స్పెక్టర్. సినిమాల్లో కనబడే ఇన్‌స్పెక్టర్ని కాను. మా విభాగంలో లాఠీలుండవు, ముద్దాయిలుండరు. వాకీటాకీలు, బ్యాటరీలు, రిపీటర్లు, వీటితోనే మా కాపురం. రిపీటర్ అంటే గుట్ట మీద పెట్టే యంత్రం. కింద ఒక సెట్టులో మాట్లాడింది అందుకుని, ఇంకాస్త బలంగా చుట్టుపక్కలకు పంపుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో మాట తెగిపోకుండా చూడటం నాకు అప్పజెప్పిన ముఖ్యమైన పని. దానితో పాటు ఉత్తర్వుల్లో రాయని పని ఇంకొకటి ఉండేది. ఏ మేడ మీదనైనా అర్థంకాని తీగ కనబడిందని ఫిర్యాదు వస్తే, సమాచారం సేకరించే స్పెషల్ బ్రాంచి వాళ్ళు నన్ను వెంట తీసుకుపోయేవారు. అది బట్టలారేసుకునే తీగో, మరొకటో నేను తేల్చి చెప్పాలి.

నాకు స్వభావంగానే అనుమానం ఎక్కువ. కూరగాయల అంగడికి పోతే వంకాయల కంటే ముందు త్రాసును చూస్తాను. గ్యాస్ సిలిండర్ తెచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి సీలు చూస్తాను. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. డిపార్టుమెంటులో మాత్రం దీన్ని సామర్థ్యం కింద జమకట్టి, ఒకసారి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

బదిలీ మీద వచ్చి ఇంకా సామాను విప్పుకోకముందే స్పెషల్ బ్రాంచి ఇన్‌స్పెక్టర్ చలపతి నుంచి ఫోను. చలపతి, నేను ఒకే బ్యాచి కాకపోయినా ఒకే ఈడువాళ్ళం. మనిషి మంచివాడే. ఎవరైనా నమస్కారం పెడితే ఎందుకు పెట్టినాడా అని ఆలోచించే రకం. ఆ విషయంలో మా ఇద్దరికీ బాగా కుదిరింది.

తన ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. కంప్యూటర్ తెరను ఫోటో తీసింది. నల్లటి నేల మీద దక్షిణాది పటం, దాని మీద వంకరగా పోయే ఎర్ర గీతలు. పక్కన ఒక పట్టిక. అందులో అర్థంకాని పొడి అక్షరాల పేర్లు, వాటికెదురుగా వచ్చే సమయం, పోయే సమయం, ఏ దిక్కు నుంచి, ఎంత ఎత్తున. పైన శీర్షిక ఇంగ్లీషులో ఉంది, నెత్తి మీదుగా పోయేవి అని దాని అర్థం. అడుగున అక్షాంశం, రేఖాంశం అంకెలు రెండు. ఆ అంకెల్ని ఎవరో ఫోనులోని మ్యాపులో కొట్టి చూశారు. గుర్తు సరిగ్గా తిరుమల గుడి మీద పడింది.

కొండ మీద డ్రోను ఎగరడానికి వీల్లేదు. పొరపాటున ఒక విమానం ఆ పక్కగా కనబడితే చాలు, మరుసటి రోజు పేపర్లో వచ్చేస్తుంది. అలాంటి ఊళ్ళో, గుడి మీదుగా ఏమేం పోతాయో టైముతో సహా వేసిన పట్టిక వాట్సాప్‌లో తిరిగితే ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. మా దాకా వచ్చేసరికి దానికి కింద ‘కొండకు డ్రోన్ల ముప్పు, అందరికీ పంపండి’ అని తోక కూడా తగిలించారు.

ఆ బొమ్మ ఎక్కడ పుట్టిందో పట్టుకోవడం కష్టం కాలేదు. ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చెప్పే హేమావతి అనే లెక్చరర్ తన విద్యార్థుల గ్రూపులో పెట్టింది. అక్కడి నుంచి ఊరంతా తిరిగింది. నలభై దాటిన మనిషి. తల్లితో కలిసి తిరుచానూరులో లాడ్జీల వెనక సందులో కాపురం. అంతవరకైతే పిలిచి నాలుగు మాటలడిగి పంపేసేవాళ్ళమే. కానీ ఆమె పేరు మీద చలపతి బల్ల పైన అప్పటికే ఒక ఫైలు ఉంది.

ఆమె ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో లెక్చరర్ పోస్టుకు ఎంపికైంది. అట్లా ఎంపికైనవాళ్ళకు నియామకపు ఉత్తర్వు ఇచ్చేముందు పోలీసులు పూర్వాపరాలు విచారించి నివేదిక పంపాలి. చెడ్డగా రాస్తే ఉద్యోగం రాదు. గడువులోగా నివేదిక అందకపోయినా రాదు, జాబితాలో తర్వాతి పేరును పిలుస్తారు. వయసు పరిమితి ప్రకారం ఆమెకు అది ఆఖరి అవకాశం. గడువు దగ్గరపడింది. సాంకేతిక అభిప్రాయం నేను రాసిస్తే, దాన్ని జతచేసి చలపతి పైకి పంపాలి.

మరుసటి రోజు పొద్దున్నే ఇద్దరం మఫ్టీలో తిరుచానూరు పోయాం. మేడ మీద వెదురుకర్రకు అల్యూమినియం పట్టీలు రెండు అడ్డంగా కట్టి ఉన్నాయి. వాటి నుంచి కేబుల్ కిటికీలోంచి లోపలికి దిగింది. చలపతి దాన్ని చూసి నావైపు చూశాడు. నేను కేబుల్ వెంబడి కిందికి పోయాను. మా పనిలో మొదట తేల్చుకోవాల్సింది ఒకటే, ఆ తీగ వినేదా, పలికేదా అని. వినే తీగ ఎవరైనా పెట్టుకోవచ్చు, ప్రసారం చెయ్యాలంటే లైసెన్సు కావాలి. కేబుల్ చివర బొటనవేలంత రిసీవరు, అది పాత డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు తగిలించి ఉంది. ప్రసారం చేసే పరికరమేదీ ఇంట్లో లేదు. బీరువా పైన, మంచం కింద కూడా చూశాను.

హేమావతి మమ్మల్ని కూర్చోమంది గానీ తను కూర్చోలేదు. ఫైలు సంగతి ఆమెకు తెలుసు. మేమెవరమో చెప్పగానే ముఖంలో రంగు పోయింది, గొంతు మాత్రం మారలేదు. కరోనా రోజుల్లో కాలేజీ మూసి సగం జీతమిస్తున్నప్పుడు ఇంట్లో ఊరికే ఉండలేక ఈ ప్రోగ్రాం మొదలుపెట్టిందట. వాతావరణ ఉపగ్రహాలు పైనుంచి పోతూ మేఘాల బొమ్మలు కిందికి పంపుతుంటాయి, ఎవరైనా పట్టుకోవచ్చు. అయితే అది ఎప్పుడొస్తుందో ముందే తెలియాలి. వచ్చిందంటే పది పన్నెండు నిమిషాల్లో దాటిపోతుంది.

ఇట్లాంటి ప్రోగ్రాములు ఊరికే దొరుకుతాయి కదా, నువ్వు రాయడమెందుకని చలపతి అడిగాడు.

“సాంబారు పొడి అంగట్లో దొరకతాది సార్. మీ ఇంట్లో కొట్టుకోరా?” అందామె.

ఆ జవాబు నాకు నచ్చింది. నచ్చిన జవాబును ఇంకోసారి అనుమానించాలని నా అలవాటు కాబట్టి ప్రోగ్రాం తెరిచి చూపించమన్నాను. లెక్కకు మూడు సంగతులు కావాలని చెప్పింది. ఉపగ్రహం కక్ష్య వివరాలు ఒకటి, అవి ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంటాయి, కొన్నాళ్ళకొకసారి కొత్తవి తెచ్చుకోవాలి. రెండోది తప్పులేని గడియారం. మూడోది చూసేవాడు నిలబడ్డ చోటు. ఆ మూడు ఉంటే ఉపగ్రహం ఆ చోటికి ఎప్పుడు ఏ దిక్కున పైకి లేస్తుందో, ఎక్కడ వాలుతుందో తెలుస్తుంది. అంతవరకు నాకు తెలిసిన శాస్త్రమే, ఎక్కడా తడబడలేదు.

ఏ చోటికి లెక్క కడుతున్నావని అడిగాను. ఈ ఇంటికే అంది. చలపతి తెర అడుగున ఉన్న అంకెల్ని తన ఫోనులో కొట్టి ఆమె ముందు పెట్టాడు. గుర్తు మళ్ళీ గుడి మీదే పడింది.

“అట్లా ఉండకూడదు సార్,” అందామె.

ఈ మాట నేను సర్వీసులో చాలామంది నోట విన్నాను. దీని తర్వాత వచ్చేది చాలాసార్లు అబద్ధమే. అందుకని నోరు మూసుకుని ఆమెనే చూస్తూ కూర్చున్నాను. ఆమె ప్రోగ్రాం రాసిన వరసలు తెరిచి పైనుంచి కిందికి చదువుతూ పోయింది. ఒకచోట ఆగింది. తర్వాత తెరను నావైపు తిప్పింది.

ప్రోగ్రాంలో ఊళ్ళ జాబితా ఒకటి ఉంది. ఒక్కో ఊరికీ దాని అక్షాంశం, రేఖాంశం. మొదట్లోనే తిరుచానూరు ఎంచుకున్నానంది. కానీ ఎంచుకున్న ఊరిని గుర్తుపెట్టుకునే ఏర్పాటు ప్రోగ్రాంలో లేదు. మూసి తెరిస్తే జాబితాలో మొదట ఏ ఊరుంటే దాన్నే తీసుకుంటుంది. అక్కడ మొదట ఉన్నది తిరుమల. వేసవిలో కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ ఆగిపోవడం, మళ్ళీ తెరవడం మామూలే. తెర మీద ఊరి పేరు పడదు, అంకెలే పడతాయి. ఆ అంకెల్ని ఆమె పట్టించుకోలేదు. కొండకూ తిరుచానూరుకూ మధ్య దూరం ఎంత గనక? అంత ఎత్తున పోయే ఉపగ్రహానికి రెండూ ఒకటే, సమయంలో ఒకటి రెండు సెకన్ల తేడా కూడా కష్టమే. అందుకే లెక్క ఎప్పుడూ తప్పినట్టు కనబడలేదు.

“ఇది నేను పిల్లకాయలకు మొదటి సంవత్సరంలోనే చెప్పే తప్పు సార్,” అంది. అప్పుడు మాత్రం గొంతు మారింది.

మొదటి ఊరు కొండ ఎందుకైందని చలపతి అడిగాడు. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న తల్లి అందుకుంది. వాళ్ళది గూడూరు. ఇంటాయన నిమ్మకాయల వ్యాపారం చేసినన్నాళ్ళూ ప్రతి లోడులో మొదటి బుట్ట స్వామి పేరన పక్కన పెట్టేవాడట. కొత్త మిక్సీ కొన్నా మొదట కొండకు పట్టుకుపోయే వడలకే పప్పు రుబ్బుతారట. హేమావతి తల్లిని ఆపి, తలవంచుకునే చెప్పింది.

“ఏదన్నా మొదలుపెడితే మొదటిది ఆడికే రాస్తాం సార్. ఎందుకని అడిగితే ఏం చెప్పేది, చేతికి అదే వస్తాది.”

మేమున్నప్పుడే ఒక ఉపగ్రహం వచ్చే సమయమైంది. తెర మీద చూపించిన వేళకు స్పీకర్లో గడియారం టిక్కుటిక్కుమన్నట్టు శబ్దం మొదలైంది. వరస తర్వాత వరస మేఘాల బొమ్మ దిగింది. బంగాళాఖాతం, మన తీరం గుర్తుపట్టేట్టుగా వచ్చాయి. నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చట ముఖాన కనబడనివ్వలేదు. రాతపూర్వకంగా ఆమె సమ్మతి తీసుకుని, కంప్యూటర్లోని డిస్కు విప్పించి రసీదిచ్చి పట్టుకొచ్చాం.

జీపులో చలపతి తేల్చేశాడు. “సామి పేరు సెప్తే ఇడిచిపెడతామనుకుండాది అబ్బా.”

నేను కాదనలేదు. మా ఇలాకాలో దర్శనం టికెట్లు బ్లాకులో అమ్మినవాడూ స్వామి మీద ఒట్టేస్తాడు, యాత్రికుల జేబులు కొట్టినవాడూ మెడలోని డాలరు కళ్ళకద్దుకుంటాడు. భక్తి అనే మాట వినబడగానే ఎదుటివాడు మెత్తబడతాడని ఇక్కడ అందరికీ తెలుసు. అందువల్ల ఆ మాట వింటే నేను బిగుసుకుంటాను. తల్లి చెప్పింది సాక్ష్యం కింద లెక్కలోకి రాదు. ప్రోగ్రాం చక్కగా పనిచేస్తోందన్నది కూడా ఆమెకు కలిసొచ్చే సంగతి కాదు. పనిచేసే పరికరం, దానికి గుడి గుర్తు, అడిగితే ఇంటి గుర్తని చెప్పడం. ఎవరు చూసినా ఈ మూడింటినే చూస్తారు. డిస్కంతా గాలించాను, అభ్యంతరమైంది ఏదీ దొరకలేదు. దొరకలేదంటే లేదని కాదు, దాచి ఉండవచ్చు కూడా. మేము అట్లాగే ఆలోచిస్తాం, అట్లా ఆలోచించడం తప్పని నేనిప్పటికీ అనను.

ఆఫీసులో కూర్చుని అభిప్రాయం టైపు చెయ్యడం మొదలుపెట్టాను. ప్రసారం చేసే పరికరం లేదు. సమాచారం అందరికీ దొరికేదే. స్థలం గురించి ఆమె ఇచ్చిన వివరణను నిర్ధారించడం సాధ్యపడలేదు. దాని తర్వాత మామూలుగా రాసే వాక్యం ఒకటుంది, ‘విషయం పరిశీలనలో ఉంది’ అని. అది రాస్తే మా ఇద్దరికీ ఏ ఇబ్బందీ రాదు. గడువు దాటిపోతుంది, అంతే. ఆ వాక్యం దగ్గర వేళ్ళు ఆగాయి.

ఆగడానికి కారణం జాలి కాదు. నిర్ధారించడం సాధ్యపడలేదని రాశాను గానీ, నేను ప్రయత్నించిందేమిటని నన్ను నేనే అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. నిజంగా చేతికి అదే వచ్చే మనిషైతే, మా కన్ను పడకముందు చేసిన పనుల్లోనూ అదే ఉండాలి. ఆమెను అడిగితే జాగ్రత్తపడుతుంది. అందుకని చెప్పాపెట్టకుండా ఆమె పనిచేసే పాలిటెక్నిక్‌కు పోయాను. విద్యార్థుల బస్సుల భద్రత గురించి కనుక్కోవడానికి వచ్చానని ఆఫీసు గుమాస్తాతో చెప్పి, రికార్డులు ఎట్లా పెడుతున్నారని అడిగాను. అన్నీ కంప్యూటర్లోనేనని, బస్ పాసుల ప్రోగ్రాం కొన్నేళ్ళ కిందట హేమావతి మేడమే రాసిచ్చిందని అన్నాడు. నేనడగకుండానే సణుగుడు కూడా మొదలుపెట్టాడు. ప్రోగ్రాం బాగానే ఉందట, ఒక్క పీడ మాత్రం వదల్లేదట. ఏం పీడ అన్నాను.

అతను తెరిచి చూపించాడు. బస్సు ఆగే ఊళ్ళ జాబితాలో మొట్టమొదటి పేరు తిరుమల.

కాలేజీ బస్సు ఏనాడూ కొండెక్కలేదు. చంద్రగిరి వైపొకటి, రేణిగుంట వైపొకటి, పుత్తూరు వైపొకటి తిరుగుతాయి. పాసు చేసేటప్పుడు ఊరు ఎంచుకోవడం మరిచిపోతే ప్రోగ్రాం మొదటి ఊరు తీసుకుంటుంది, పాసు తిరుమలకని అచ్చవుతుంది. గుమాస్తా సొరుగు లాగి రబ్బరుబ్యాండు వేసిన పాసుల కట్ట తీశాడు. అన్నీ అట్లా తప్పుపడ్డవే.

“ఇట్లాంటి పాసు దొరికితే పిలకాయలు డ్రైవరు పానం తీస్తారు సార్, కొండకు పోనీ అన్నా అని,” అన్నాడు.

వాటి మీద కరోనాకు ముందటి సంవత్సరాల తేదీలున్నాయి. ప్రిన్సిపాల్ చేత ధ్రువీకరణ రాయించుకుని రెండు పాసులు తీసుకున్నాను. జీపెక్కాక నాకు పట్టలేనంత నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయి, లోపల ఏదో భయం లాంటిది మిగిలింది. ఆఫీసులో నా టేబులు మీద సగం టైపుచేసిన కాగితం అట్లాగే ఉంది.

చలపతి పాసుల్ని తిప్పి తిప్పి చూశాడు. ఇది కూడా ముందుచూపుతో చేసిందేమో అన్నాడు, అని తనే నవ్వేశాడు. ఇన్నేళ్ళ ముందు బస్ పాసులతో కుట్ర మొదలుపెట్టే మనిషి ఎవరుంటారు? అయినా పరిశీలనలో ఉందని పంపితే మేలని అతని ఉద్దేశం. అతన్ని తప్పుపట్టలేను. రేపు కొండ మీద ఏదన్నా జరిగితే మొదట పట్టుకునేది అతని సంతకాన్నే. నేను అభిప్రాయం మార్చి రాశాను. స్థలం విషయంలో అనుమానానికి కారణం ప్రోగ్రాంలోని లోపమని, అదే అలవాటు, అదే లోపం ఆమె ఎన్నో ఏళ్ళ ముందు రాసిన వేరే ప్రోగ్రాంలోనూ ఉన్నాయని, రుజువులు జతచేశానని, అభ్యంతరం ఏమీ లేదని.

చలపతి రెండుసార్లు చదివి, “నువ్వు సంతకం పెడతావా అప్పా?” అన్నాడు. పెట్టాను. తర్వాత అతనూ పెట్టాడు. నివేదిక గడువు లోపలే అందింది. ఆమెకు ఉత్తర్వు వచ్చింది.

కొత్త ఉద్యోగంలో చేరేముందు డిస్కు తీసుకుపోవడానికి ఆమె మా ఆఫీసుకొచ్చింది. సంతకం పెట్టించుకుంటూ, సంతోషిస్తుంది కదా అని బస్ పాసుల కథ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. రిజిస్టరు మీద పెన్ను పెట్టి అట్లాగే నిలబడింది.

“ఆ బస్ పాసుల ప్రోగ్రాం నేను సరిగ్గా రాసింటే సార్?” అంది.

అర్థం కానట్టు చూశాను. నిజానికి అర్థమైంది.

“రెండోసారి తప్పు చెయ్యకుండా రాసింటే, నేను చెప్పింది మీరు నమ్మింటారా?”

ఏదో ఒక మర్యాద మాట చెప్పి పంపించవచ్చు. ఆమెకు అబద్ధం చెప్పాలనిపించలేదు. లేదమ్మా, పరిశీలనలో ఉందని రాసింటాను, అన్నాను. ఆమె సరేనన్నట్టు తలూపి, సంతకం పెట్టి, డిస్కు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆమె ఆ రోజు తిరుచానూరులో మాకు చెప్పిందంతా నిజం. ఆమె గట్టెక్కింది మాత్రం నిజం చెప్పినందుకు కాదు, ఒకే తప్పును రెండుచోట్ల చేసినందుకు. చేసే పని నేర్పుగా చేసుంటే ఉద్యోగం పోయేది. అనుమానించడం మా వృత్తి, అందులో నేను సిగ్గుపడేదేమీ లేదు. అయితే అనుమానం మాది, దాన్ని పోగొట్టే పని ఎదుటివాళ్ళది అన్నట్టుగా మేము ఫైళ్ళు నడిపేవాళ్ళం. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పరిశీలనలో ఉందని రాయాల్సి వచ్చినప్పుడల్లా ఇంకా ఏం పరిశీలించాలో, ఎవరు పరిశీలించాలో దాని పక్కనే రాశాను. రాయడానికి ఏమీ తోచని చోట ఆ వాక్యాన్ని కొట్టేశాను. అట్లా కొట్టేయాల్సి వచ్చినవే ఎక్కువ.